కేబుల్ లాగకముందే నంబరు రాయండి: ఆఫీసు నెట్‌వర్క్ కేబులింగ్ మొదటి నుంచి చివరిదాకా

ఒక ఫ్లోరులో 48 సీట్లు, సీటుకు రెండు పాయింట్లు, మొత్తం 96 కేబుళ్లు. కేబుళ్లన్నీ వచ్చి చేరే హబ్ రూమ్‌లో ఒక రాక్ (పరికరాలు బిగించే ఇనుప చట్రం), అందులో 24 పోర్టుల ప్యాచ్ ప్యానెళ్లు (కేబుళ్ల కొసలు బిగించే సాకెట్ల పలకలు) నాలుగు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఆఫీసుల్లో కేబులింగ్ చేసేవాళ్లకు ఇది మామూలు పని. ఈ 96 కేబుళ్లనే ఉదాహరణగా పెట్టుకుని, సైట్‌లో అడుగుపెట్టినప్పటి నుంచి ఫైలు చేతికిచ్చేదాకా ఏది ఎప్పుడు చేయాలో చెబుతాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ల కోసం, ఆఫీసు తరఫున పని చేయించుకునే ఐటీ వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు ఒక రాత్రి గురించి చెప్పాలి. అప్పటికి నాకు ఈ పని బాగా వచ్చనే అనుకుంటున్నాను. ఒక ఆఫీసులో 24 కేబుళ్లు ఒకే కట్టగా లాగాం. ప్రతి కేబుల్ కొసన తెల్ల టేప్ చుట్టి పెన్నుతో నంబరు రాశాం. కొసలన్నీ కలిపి ఇన్సులేషన్ టేప్ చుట్టి, తాడు కట్టి లాగాం. కట్ట అవతలికి చేరాక అక్కడున్న కుర్రాడు టేప్ విప్పడం కష్టమై, తలను కట్టర్‌తో కోసి పారేశాడు. నంబర్లన్నీ ఆ తలలోనే ఉన్నాయి. ఈలోగా ఇటు హబ్ రూమ్‌లో మేం బాక్సుల దగ్గర కోసేశాం, ఇటు కొసలకు ఏ నంబరూ లేదు. తెల్లారేదాకా ఇద్దరం టోనర్ (ఒక కొసన సిగ్నల్ పంపి రెండో కొసను గుర్తుపట్టే పరికరం) పట్టుకుని ఒక్కో కేబుల్‌నూ వెతికాం. ఆ కుర్రాడి తప్పేం లేదు, తలలో నంబర్లున్నాయని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి తర్వాత పని వరుసే మార్చుకున్నాను. కింద రాసిన పద్ధతంతా అక్కడి నుంచి వచ్చిందే.

దారి నడిచి చూడండి

డ్రాయింగ్ మీద గీత తిన్నగా ఉంటుంది. సైట్‌లో ఆ గీత మధ్యలో ఏసీ డక్ట్ ఉంటుంది, బీమ్ ఉంటుంది, ఫైర్ పైపు ఉంటుంది. అందుకే డ్రాయింగ్ చేతిలో పట్టుకుని హబ్ రూమ్ నుంచి చివరి సీటు దాకా నడవండి. ఫాల్స్ సీలింగ్ పలకలు నాలుగైదు చోట్ల తీసి టార్చ్ వేసి చూడండి. కరెంటు ట్రే ఎటు పోతోందో, మన ట్రే ఎటు పోవాలో అక్కడే తేలిపోతుంది.

కరెంటు కేబుళ్ల పక్కనే సమాంతరంగా మన కేబుల్ పోకూడదు. రెండింటి మధ్య కనీసం అడుగు దూరం ఉంచడం మంచి అలవాటు. దాటక తప్పని చోట అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించండి. డేటా, పవర్ ఒకే పైపులో వేయమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. అది సిగ్నల్‌తో పోయే సమస్య కాదు, రేపు ఆ పైపులో చేయి పెట్టే మనిషి ప్రాణానికి సంబంధించింది.

నేలలో జీఐ రేస్‌వేలు (జింకు పూసిన ఇనుముతో చేసిన కేబుల్ దారులు) వేసిన ఆఫీసయితే ఇంకో జాగ్రత్త ఉంది. ఫ్లోరింగ్ కోసం కాంక్రీటు పోసినప్పుడు సిమెంటు పాలు రేస్‌వే లోపలికి దిగి గట్టిపడతాయి. జంక్షన్ బాక్సు మూతలు తీసి, ఒక బాక్సు నుంచి ఇంకో బాక్సుకు తాడు పంపి, ఆ తాడుకు గుడ్డ కట్టి లాగండి. గుడ్డ తడిగా వస్తే లోపల నీళ్లున్నట్టు. ఆరేదాకా ఆగండి. గుడ్డ మధ్యలో ఇరుక్కుపోతే సివిల్ వాళ్లను పిలవాల్సిన సమయం అదే, కేబుల్ సగం లాగాక కాదు.

నడిచేటప్పుడే దూరాలు కొలవండి. రాక్‌లోని ప్యాచ్ ప్యానెల్ నుంచి సీటు దగ్గరున్న ఐఓ (కేబుల్ చేరే సాకెట్) దాకా కేబుల్ 90 మీటర్లు దాటకూడదు. అటూ ఇటూ పెట్టే ప్యాచ్ కార్డులన్నీ (పరికరాన్ని సాకెట్‌కు కలిపే చిన్న కేబుళ్లు) కలిపి ఇంకో 10 మీటర్లు, మొత్తం 100. ఈ 90 అనేది కేబుల్ నడిచే దూరం. పైకెక్కేది, కిందకు దిగేది, రాక్ చుట్టూ తిరిగేది అన్నీ అందులోకే వస్తాయి. నడిచి కొలిస్తే 78 వచ్చిన సీటు కేబుల్ లెక్కలో 90 దగ్గరికి చేరిపోవచ్చు. అలాంటి సీట్లు ఉంటే ముందే చెప్పి, ఆ వైపు ఇంకో చిన్న రాక్ పెట్టించాలి.

ఎన్ని బాక్సులు కావాలి

మనం వాడే నెట్‌వర్క్ కేబుల్ రకం క్యాట్6. దాని బాక్సులో 305 మీటర్లు ఉంటుంది. లెక్క ఇలా వేయండి. అతి దగ్గరి సీటు 20 మీటర్లు, అతి దూరం 80 మీటర్లు అనుకుందాం. సగటు 50. దానికి పది శాతం కలిపితే 55. ఇప్పుడు చాలామంది 96ను 55తో గుణించి 5,280 అని, దాన్ని 305తో భాగించి 18 బాక్సులు తెప్పిస్తారు. అక్కడే తప్పు జరుగుతుంది. ఒక్కో బాక్సులో 55 మీటర్ల ముక్కలు ఐదే వస్తాయి, 30 మీటర్లు మిగిలిపోతాయి. మధ్యలో అతుకు వేయకూడదు కదా. 96ను 5తో భాగిస్తే 20 బాక్సులు. మిగిలిన 30 మీటర్ల ముక్కల్ని దగ్గరి సీట్లకు వాడుకుంటే ఒకటి రెండు బాక్సులు మిగలొచ్చు. కానీ తెప్పించేటప్పుడు 20 అనే రాయండి.

బాక్సు వచ్చాక ఒక కొస ఒలిచి రాగి తీగను కత్తితో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం మీద రాగి పూత. అలాంటిది ఏ క్యాట్6 ప్రమాణానికీ సరిపోదు. సిగ్నల్ సంగతి అటుంచి, వైఫై యాక్సెస్ పాయింట్లకు, కెమెరాలకు ఇప్పుడు కరెంటు కూడా ఇదే కేబుల్‌లో పోతోంది. 2018లో వచ్చిన పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) ప్రమాణం ప్రకారం నెట్‌వర్క్ స్విచ్ పోర్టు నుంచి 90 వాట్ల దాకా పంపొచ్చు. అల్యూమినియం తీగలో అంత పోతే వేడెక్కుతుంది. డబ్బు మిగులుతుందని దానికి ఆశపడకండి. జాకెట్ విషయంలోనూ అడగండి: మనుషులుండే ఆఫీసుకు, మంట అంటుకుంటే పొగ తక్కువ వచ్చే ఎల్ఎస్‌జెడ్‌హెచ్ రకం మంచిది.

నంబర్లు ఎలా పెట్టాలి

కేబుల్ పేరు కేబుల్ ఎక్కడికి పోతుందో చెప్పాలి, దాన్ని ఎవరు వాడుతున్నారో కాదు. "హెచ్ఆర్ మేడమ్", "ఎండీ క్యాబిన్", "కొత్త ప్రింటర్" అని రాసిన లేబుళ్లు నేను చాలా చూశాను. ఆర్నెల్లకు మేడమ్ వేరే ఫ్లోరుకు వెళ్లిపోతారు, ప్రింటర్ ఇంకో మూలకు మారుతుంది. లేబుల్ మాత్రం అబద్ధం చెబుతూ అక్కడే ఉంటుంది. అసలు లేబుల్ లేకపోతే మనిషి వెతుక్కుంటాడు. తప్పు లేబుల్ ఉంటే దాన్ని నమ్మి, పనిచేస్తున్న వాళ్ల కనెక్షన్ పీకేస్తాడు. అందుకే తప్పు లేబుల్ ఇంకా ప్రమాదం.

టీఐఏ-606 అనే అంతర్జాతీయంగా వాడే ప్రమాణం ఒకటుంది, లేబులింగ్, రికార్డుల కోసం రాసింది. పెద్ద కంపెనీల పనుల్లో దాన్నే అడుగుతారు. దాని అసలు ఆలోచన తేలికే: ఫ్లోరు, గది, ప్యానెల్, పోర్టు. మన ఉదాహరణలో మూడో ఫ్లోరు, ఎ అనే హబ్ రూమ్, బి అనే ప్యానెల్, 17వ పోర్టు అనుకోండి. పేరు 3ఎ-బి17. అంతే. ఈ ఒక్క పేరే నాలుగు చోట్ల కనిపించాలి: సీటు దగ్గర ఫేస్‌ప్లేట్ (ఐఓ ముందుండే పలక) మీద, ఆ ఫేస్‌ప్లేట్ వెనక కేబుల్ కొసన, హబ్ రూమ్‌లో కేబుల్ రెండో కొసన, ప్యాచ్ ప్యానెల్ పోర్టు మీద. ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉండకూడదు.

చిన్న చిన్న విషయాలు ఇక్కడే చూసుకోండి. ఒకటిని 01 అని రాయండి, 1 అని కాదు. లేకపోతే ఎక్సెల్‌లో వరుస పెట్టినప్పుడు 1 తర్వాత 10 వస్తుంది. లేబుల్ ఇంగ్లిష్ అక్షరాల్లో ముద్రిస్తారు కాబట్టి ప్యానెళ్లకు ఓ, ఐ అక్షరాలు పెట్టకండి. చీకటి సీలింగ్‌లో ఓ సున్నాలా, ఐ ఒకటిలా కనిపిస్తాయి. క్లయింటు దగ్గర ఇప్పటికే వేరే పద్ధతి ఉంటే, అది మనకు నచ్చకపోయినా అదే కొనసాగించండి. ఒకే బిల్డింగ్‌లో రెండు పద్ధతులుంటే ఏదీ లేనట్టే.

ఇప్పుడు, ఒక్క మీటరు కేబుల్ కూడా లాగకముందే, 96 పేర్లూ ఎక్సెల్‌లో రాసుకోండి. పక్కన సీటు నంబరు, ఎదురుగా ఖాళీ గడులు: మొదలు మీటరు, చివర మీటరు, పొడవు, టెస్ట్ ఫలితం. దాని ప్రింటు తీసి అట్టకు క్లిప్పు పెట్టి సైట్‌లో ఉంచండి. ఫోనులో చూసుకోవచ్చులే అనుకోకండి. దుమ్ము చేతులతో, నిచ్చెన మీద, ఫోను పనికిరాదు.

లాగడానికి ముందు

ట్రే అంచులను చేత్తో కాకుండా గుడ్డతో తడమండి. జీఐ ట్రే కోసిన చోట అంచు బ్లేడులా ఉంటుంది. అక్కడ రబ్బరు బుష్ గానీ, చీల్చిన పైపు ముక్క గానీ తొడగండి. ట్రే లేని చోట జె-హుక్కులు (జె అక్షరం ఆకారపు కొక్కేలు) నాలుగైదు అడుగులకొకటి చొప్పున కొట్టండి. కేబుల్‌ను ఫాల్స్ సీలింగ్ పలకల మీదగానీ, స్ప్రింక్లర్ పైపుకు కట్టిగానీ వదిలేయకూడదు. సీలింగ్ వాళ్లు పలక ఎత్తిన ప్రతిసారీ మన కేబుల్ నలుగుతుంది. ఫైర్ పైపుకు కట్టడం అసలు నిబంధనలే ఒప్పుకోవు.

పైపుల్లో పోయే చోట నిండుగా కూరకండి. పైపు లోపలి చోటులో 40 శాతం మించకూడదన్నది లెక్క. 25 మిల్లీమీటర్ల పైపులో క్యాట్6 నాలుగు వేసుకోండి, చాలు. రెండు వంపులకు మించి ఉన్నా, 30 మీటర్లు దాటినా మధ్యలో పుల్ బాక్స్ (కేబుల్‌ను అందుకుని మళ్లీ లాగడానికి వీలిచ్చే బాక్సు) పెట్టాలి. జారడానికి గ్రీజు, నూనె రాయకండి, జాకెట్ పాడవుతుంది. కేబుల్ కోసమే చేసిన లూబ్రికెంట్ దొరుకుతుంది.

నిచ్చెన పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి. సీలింగ్ పైన దీపాల వైర్లు విప్పి ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి లైన్ ఆపించాకే చేయి పెట్టండి. పైకి చూస్తూ చేసే పని కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. గ్లాస్‌వూల్ కంట్లో పడితే ఆ రోజు పని అయిపోయినట్టే.

లాగడం

బాక్సులు హబ్ రూమ్‌లో వరుసగా పెట్టండి, ఒకేసారి ఆరు నుంచి ఎనిమిది. ఒకేసారి పన్నెండు కేబుళ్లు లాగేవాళ్లూ ఉన్నారు, అలా వద్దు. కట్ట లావైతే వంపుల దగ్గర ఒత్తిడి పెరుగుతుంది, చిక్కుపడితే విప్పలేరు. 96కు ఎనిమిది చొప్పున పన్నెండు దఫాలు. తొందరపడాల్సిన పనేం లేదు.

ఇక్కడ అసలు కిటుకు ఉంది, నిదానంగా చదవండి.

ప్రతి బాక్సు మీద పేపర్ టేప్ ముక్క అంటించి, ఆ కేబుల్ పేరు మార్కర్‌తో రాయండి. అదే పేరు కేబుల్ కొసన రెండు చోట్ల రాయాలి: కొసకు జానెడు దూరంలో ఒకటి, చేయి బారంత దూరంలో ఇంకొకటి. తల కోసినా రెండోది మిగులుతుంది. నా ఆ రాత్రికి విరుగుడు ఇదే. పేరు పెట్టే మనిషి రాయాలి, ఇంకో మనిషి బాక్సు మీది పేరూ కేబుల్ మీది పేరూ పైకి చదివి సరిచూడాలి. ఎనిమిది కేబుళ్లకు రెండు నిమిషాలు పడుతుంది.

ఇంకో విషయం. కేబుల్ జాకెట్ మీద మీటరు మీటరుకూ అంకె ముద్రించి ఉంటుంది. లాగే ముందు కొస దగ్గరున్న అంకెను షీట్‌లో రాయండి. 3ఎ-బి17 కేబుల్ కొసన 288 ఉందనుకుందాం. లాగడం అయ్యాక హబ్ రూమ్‌లో కోసే చోట 236 ఉంది. అంటే ఆ కేబుల్ పొడవు 52 మీటర్లు, 90కి లోపలే. ఈ రెండు అంకెలు ఇంకో మేలు కూడా చేస్తాయి. లేబుళ్లన్నీ ఊడిపోయినా సరే, సీటు దగ్గర 287 కనిపించిన కేబుల్ ఏదై ఉండొచ్చో షీట్ చూసి వెతకొచ్చు. ఈ అంకెలు రాసుకునే అలవాటు మన దగ్గర తక్కువ. దయచేసి మొదలుపెట్టండి.

తల కట్టేటప్పుడు కొసలన్నీ ఒకే చోట ఉంచకుండా రెండు మూడు అంగుళాల తేడాతో మెట్లు మెట్లుగా పేర్చి టేప్ చుట్టండి. ముందు సన్నగా, వెనక లావుగా, పెన్సిల్ మొనలా రావాలి. తాడును ఒక్క ముడితో కాకుండా అడుగు పొడవునా మూడు నాలుగు చోట్ల బిగించండి. అదే తాడుతోపాటు ఇంకో ఖాళీ తాడు కూడా కట్టి పంపండి. రేపు ఇంకో కేబుల్ వేయాల్సి వస్తే దారి తెరిచి ఉంటుంది.

మూడు మాటలు ముందే ఒప్పందం చేసుకోండి: లాగు, ఆపు, వదులు. హైదరాబాద్ సైట్లలో ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన తమ్ముళ్లు కూడా మనతో ఉంటారు. తెలుగా హిందీనా అన్నది పెద్ద విషయం కాదు, అందరికీ ఒకే మాట తెలియాలి. "ఆపు" అని ఎవరన్నా సరే, ఎందుకని అడక్కుండా ఆపాలి.

ఎంత బలంగా లాగొచ్చు? నాలుగు జతల కేబుల్‌కు పరిమితి 110 న్యూటన్లు. అంటే దాదాపు 11 కిలోల బరువు ఎత్తినంత బలం, పాతిక కిలోల బియ్యం బస్తాలో సగం కూడా కాదు. ఒక్క చేత్తో నిలకడగా లాగితే రావాలి. రాకపోతే ఎక్కడో ఇరుక్కుంది. ఇద్దరు కలిసి గుంజకండి, వెళ్లి చూడండి. ఈ కేబుల్ లోపల నాలుగు జతలూ నాలుగు రకాల మెలికలతో ఉంటాయి. ఒక జత సిగ్నల్ పక్క జతలోకి పాకకుండా ఆపేది ఆ మెలికలే. గుంజితే అవి సాగుతాయి, నొక్కితే విడిపోతాయి. బయటికి కేబుల్ బాగానే కనిపిస్తుంది, కరెంటు తీగలా తెగిపోదు. కానీ టెస్టర్ పెట్టినప్పుడు ఫెయిల్ వస్తుంది. లేదా ఇంకా ఘోరం, ఇవాళ పాసై, ఏడాదికి స్పీడ్ పడిపోయిందని ఫోన్ వస్తుంది.

వంపు కూడా అలాంటిదే. కేబుల్ మందానికి నాలుగింతల వ్యాసార్థం కన్నా బిగుతుగా వంచకూడదు. క్యాట్6 దాదాపు 6 మిల్లీమీటర్లు, కాబట్టి వంపు వ్యాసార్థం కనీసం 25 మిల్లీమీటర్లు. లాగేటప్పుడు ఇంకా వదులుగా ఉండాలి. మూల తిరిగే ప్రతిచోటా ఒక మనిషి నిలబడి చేత్తో అందిస్తే కేబుల్ మూలకు రుద్దుకోదు. బాక్సులోంచి వచ్చేటప్పుడు ముడి పడి మడత పడితే, దాన్ని సాపు చేసి పంపేయకండి. మడత పడిన చోట లోపల నష్టం జరిగిపోయింది. ఆ ముక్క కోసేసి మళ్లీ లాగండి. ఇది చెప్పినప్పుడు కుర్రాళ్ల మొహం చిన్నబోతుంది, తెలుసు. అయినా కోయించాలి.

కోసే ముందు

కట్ట సీటు దగ్గరికి చేరింది. అటువైపు మనిషి ఒక్కో పేరూ చదివి, ఏ కేబుల్ ఏ సీటుకో వేరుచేసి, ఐఓ బాక్సులోకి దించాడు. ఐఓ దగ్గర అడుగు మేర కేబుల్ మిగల్చాలి. హబ్ రూమ్‌లో మూడు మీటర్లు. రేపు రాక్ రెండడుగులు జరిపితే ఈ మూడు మీటర్లే కాపాడతాయి. మిగిలింది గుండ్రంగా బిగుతుగా చుట్టి పెట్టకుండా, వదులుగా ఎనిమిది అంకె ఆకారంలో ట్రే మీద పరచండి.

ఇప్పుడు కోయాలి. కానీ కోయకముందు బాక్సు మీది పేరును హబ్ రూమ్ వైపు కేబుల్ మీద రాయండి, మళ్లీ రెండు చోట్ల. మీటరు అంకె షీట్‌లో రాయండి. ఆ తర్వాతే కట్టర్. ఒక బాక్సు పేరు రాసి కోసి, తర్వాత రెండో బాక్సు. ఎనిమిదీ కోసేసి తర్వాత పేర్లు రాద్దామంటే మాత్రం, ఎంత జ్ఞాపకశక్తి ఉన్నా ఒకటి తారుమారవుతుంది. కోశాక బాక్సు మీది పాత టేప్ పీకేసి, కొత్త పేరుతో కొత్త టేప్ వేయండి. పాతదాని మీదే కొట్టేసి రాస్తే చదివేవాళ్లు పొరబడతారు.

కట్టలు కట్టడం

వెల్క్రో వాడండి. ప్లాస్టిక్ కేబుల్ టైలు బిగించి తోక కత్తిరిస్తే చూడటానికి అందంగా ఉంటుంది, కానీ ఆ బిగువుకు జాకెట్ నొక్కుకుపోతుంది. కట్ట చుట్టూ వెల్క్రో వేసి, లోపల ఒక కేబుల్‌ను వేలితో జరిపితే జరగాలి. అంత వదులు ఉండాలి. పీఓఈ నడిచే కేబుళ్లయితే ఒక కట్టలో 24కు మించనివ్వకండి, మధ్యలో ఉన్న కేబుళ్ల వేడి బయటికి పోవడానికి.

ఫ్లోరు నుంచి ఫ్లోరుకు, గోడ నుంచి గోడకు కేబుల్ దాటిన రంధ్రాలను ఫైర్ సీలెంట్‌తో మూయించండి. మంట, పొగ ఒక ఫ్లోరు నుంచి ఇంకో ఫ్లోరుకు పాకేది ఆ రంధ్రాల గుండానే. ఎలుకలకూ అదే దారి. రాత్రికి రాత్రి కేబుల్ కొరికేసిన ఎలుకల్ని చూసిన వాళ్లెవరూ ఈ పని మర్చిపోరు.

ఐఓ, ప్యాచ్ ప్యానెల్ పంచింగ్

కేబుల్ లోపలి తీగల్ని సాకెట్ మాడ్యూల్‌లోకి నొక్కి బిగించడమే పంచింగ్. రెండు కొసల్లోనూ ఒకే రంగుల వరుస వాడాలి. మన దగ్గర ఎక్కువగా నడిచేది టీ568బి: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. మాడ్యూల్ మీద ఎ, బి రెండు వరుసలూ ముద్రించి ఉంటాయి. ఒక మనిషి ఎ, ఇంకో మనిషి బి పెడితే కష్టం, కాబట్టి పని మొదట్లోనే గోడ మీద పెద్దగా "బి" అని రాసి అంటించండి.

జతల మెలికలు 13 మిల్లీమీటర్లకు మించి విప్పకండి. చిటికెన వేలి గోరు వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ, అంతే. జాకెట్ కూడా మాడ్యూల్ దాకా రావాలి. చూసి పంచ్ చేయడానికి వీలుగా ఉంటుందని రెండంగుళాలు విప్పేవాళ్ల పాయింట్లే టెస్టింగ్‌లో ఎక్కువగా ఫెయిలవుతాయి.

అసలు లేబుల్

పెన్నుతో రాసినవి తాత్కాలికం. పంచింగ్ అయ్యాక ముద్రించిన లేబుల్ వేయాలి. కేబుల్‌కు చుట్టే రకం మంచిది: తెల్ల భాగం మీద పేరు ముద్రించి చుడితే, దాని పారదర్శకమైన తోక పేరు మీదుగా ఇంకో చుట్టు చుట్టుకుని కాపాడుతుంది. చేత్తో పట్టుకునే లేబుల్ ప్రింటర్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల దొరుకుతాయి. ఫేస్‌ప్లేట్‌కు వేసే మామూలు టేప్‌ను కేబుల్‌కు చుట్టకండి. సన్నటి కేబుల్ వంపుకు అది నిలవక, కొన్నాళ్లకు కొస లేచి ఊడిపోతుంది. చుట్టడానికి వేరే రకం టేప్ ఉంటుంది, అడిగి తెచ్చుకోండి.

జాకెట్ చివర నుంచి 30 సెంటీమీటర్ల లోపే లేబుల్ ఉండాలి. ప్యాచ్ ప్యానెల్ వెనక, కేబుల్ మేనేజర్ (కేబుళ్లను సర్ది పట్టుకునే పట్టీ) దాటి, చేయి పెట్టి తిప్పకుండానే కనిపించే చోట. పేరును ఒకే లేబుల్ మీద మూడు నాలుగు వరుసల్లో ముద్రిస్తే కేబుల్ ఎటు తిరిగినా చదవొచ్చు. అంటించే ముందు జాకెట్‌ను పొడి గుడ్డతో తుడవండి. కొత్త బిల్డింగ్‌లో ప్రతిదాని మీదా సిమెంటు దుమ్ము ఉంటుంది, లేబుళ్లు ఊడిపోవడానికి ముఖ్య కారణం అదే. ప్యానెల్ మీద 24 పోర్టులకూ ఒకే పట్టీ ముద్రించి వేస్తే వరుస తిన్నగా ఉంటుంది.

పెన్ను లేబుల్‌ను, ముద్రించినది అంటించాక మాత్రమే తీయండి. ముందు అన్నీ పీకేసి తర్వాత అంటించకండి.

టెస్టింగ్

చిన్న ఎల్ఈడీ టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరుసగా వెలిగితే పాయింటు పనిచేస్తుందనుకుంటారు. ఆ టెస్టర్ తీగ తెగిందో లేదో మాత్రమే చెబుతుంది. రెండు వేర్వేరు జతల్లోని తీగల్ని ఒక జతగా కలిపేసిన తప్పును, స్ప్లిట్ పెయిర్ అంటారు, అది పట్టుకోలేదు. ఎందుకంటే తీగలన్నీ సరైన పిన్నుకే చేరి ఉంటాయి. దానికి సర్టిఫికేషన్ టెస్టర్ కావాలి. టెస్టర్ ఏ కంపెనీదైనా, ఫ్లూక్ అనే కంపెనీ పేరుతో మనవాళ్లందరూ "ఫ్లూక్ రిపోర్ట్" అనే అడుగుతారు. పొడవు, జతల మధ్య సిగ్నల్ పాకడం, రిటర్న్ లాస్ (వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్), అన్నీ అందులో వస్తాయి. తయారీదారులు ఇచ్చే 20, 25 ఏళ్ల సిస్టమ్ వారంటీలకు ఈ రిపోర్టులు అడుగుతారు.

టెస్టర్‌లో ప్రతి పాయింటుకూ పేరు పెట్టాలి. అక్కడ 001, 002 అని వదిలేయకుండా 3ఎ-బి17 అనే పెట్టండి. అప్పుడు లేబుల్, షీట్, రిపోర్టు మూడూ ఒకే మాట చెబుతాయి. టెస్ట్ చేసేటప్పుడు సీటు దగ్గరి మనిషి ఫేస్‌ప్లేట్ మీది పేరు చదవాలి, హబ్ రూమ్‌లోని మనిషి ప్యానెల్ మీది పేరు చదవాలి. తారుమారైన పాయింట్లు ఇక్కడే దొరుకుతాయి. దొరికినప్పుడు లేబుల్ మార్చి సరిపెట్టకండి. పంచింగ్ విప్పి, కేబుల్‌ను సరైన పోర్టుకు మార్చి, మళ్లీ టెస్ట్ చేయండి. లేబుల్ మారిస్తే ప్యానెల్ మీద వరుస పోతుంది, ఆ ఒక్క పాయింటు ఎందుకలా ఉందో రెండేళ్ల తర్వాత ఎవరికీ తెలియదు.

ఇచ్చి రావడం

సీలింగ్ మూయకముందు దారి పొడవునా ఫోటోలు తీయండి, ప్రతి ఫోటోలో ఒక స్తంభం నంబరో, గది బోర్డో కనిపించేలా. అసలు కేబుల్ ఎటు పోయిందో డ్రాయింగ్ మీద ఎర్ర పెన్నుతో గీసి, యాజ్-బిల్ట్ డ్రాయింగ్‌గా మార్చి ఇవ్వండి. షీట్ ఒక కాపీ మెయిల్‌లో పంపండి, ఇంకో కాపీ లామినేట్ చేయించి హబ్ రూమ్ తలుపు లోపలి వైపు అంటించండి. అర్ధరాత్రి స్విచ్ పోయి పరిగెత్తుకొచ్చిన మనిషికి మెయిల్ వెతికే ఓపిక ఉండదు.

మిగిలిన కేబుల్ బాక్సులు పక్కన పడేయకండి. ప్రతి బాక్సులోంచి బయటికి వచ్చిన కొస మీది మీటరు అంకె చూసి, ఇంకా ఎంత ఉందో లెక్కగట్టి "క్యాట్6, 38 మీటర్లు" అని బాక్సు మీద పెద్దగా రాయండి. కొసను బాక్సు రంధ్రంలోంచి లోపలికి జారిపోకుండా టేప్‌తో అంటించి, స్టోరులో నిటారుగా పెట్టి, తాళం క్లయింటు చేతికి ఇవ్వండి.